దాగలి మీద రాయి

పోయిన వారం మా వాళ్ళింట్లో పెళ్ళి. భోజనాల బంతిలో మా తమ్ముడి భార్య నాకు ఎదురుగా కూర్చుంది. పప్పు వడ్డించే మనిషి వైపు తల తిప్పినప్పుడల్లా ఆమె ముక్కుపుడక తళుక్కుమనేది. చిన్న రాయి, పెసరగింజంత కూడా ఉండదు. దాని బరువు, రంగు, లోపల మచ్చ ఎక్కడుందో అన్నీ నాకు తెలుసు. కొన్నప్పుడు పక్కన కూర్చుని రాసుకున్నవాణ్ణి నేనే. ఇంటికి రాగానే ట్రంకుపెట్టె తీసి ఖతార్ నాటి జేబు డైరీ వెతికాను. ఆ పేజీ దొరికింది. పెట్టె అడుగున, నేను బడిలో చదివేటప్పటి నోటుపుస్తకం కూడా దొరికింది. అందులో రెండే మాటలున్న పేజీ ఒకటుంది. దాన్ని చాలా ఏళ్ళుగా తెరవలేదు.

తమ్ముడంటే మా చిన్నాన్న కొడుకు. నాకంటే ఆరు నెలలు చిన్న. ఒకే ఇంట్లో పెరిగాం. ఒకే కంచంలో తిన్నామని మాత్రం అనలేను. కంచాలు వేరు. వాడి కంచంలో ఎప్పుడూ ఏదో ఒకటి ఎక్కువ ఉండేదని చిన్నప్పుడు నా నమ్మకం. ఇప్పుడూ ఆ నమ్మకం పూర్తిగా పోలేదు.

మేమిద్దరం ఖతార్‌లో ఉన్నది ప్రపంచకప్పు పనులు జోరుగా సాగుతున్న కాలం. నిన్న నడిచిన రోడ్డు ఈరోజు ఉండేది కాదు. బస్సు ఎటు తిరుగుతుందో డ్రైవరుకే తెలిసేది కాదు. నేను స్టేడియం పనిలో స్టోర్ కీపర్ని. నజ్మా అనే పేటలో మరో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. వాడు షట్టరింగ్ ఫోర్‌మన్. ముఐథర్ అవతల కూలీల క్యాంపులో ఉండేవాడు. మా ఊళ్ళో ఎవరైనా అడిగితే మాత్రం ఇద్దరూ దుబాయ్‌లో ఉన్నారనే చెప్పేవారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వాడు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మా గదికి వచ్చాడు.

"అన్నా, లెయ్. బంగారం అంగడికి పోదాం."

"ఏం కొంటావురా?"

"నీ మరదలికి వజ్రం ముక్కుపుడక. నాకేం తెల్సు దాని సంగతి? నువ్వైతే అన్నీ అడుగుతావు, రాసుకుంటావు."

నా గుండెలో చిన్న ముల్లు దిగింది. నా భార్యకు గాజులు చేయించాను, గొలుసు చేయించాను. వజ్రం అన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు వాడికి వచ్చింది కాబట్టి, నేను కొన్నా వాణ్ణి చూసి కొన్నట్టే అవుతుంది. చొక్కా వేసుకున్నాను. డైరీ, పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

అంగడిలో రాళ్ళు చూపించే ఆయన హైదరాబాద్ మనిషి. తెల్లగడ్డం, సన్నగొంతు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని నవ్వాడు.

"మనోళ్ళేనా? కూసోండి సార్. చాయ్ తాగుండ్రి, తొందర్లేదు. వజ్రం కొనేటోడు తొందరపడొద్దు."

ముక్కుపుడకకు పనికొచ్చే ఐదారు చిన్న రాళ్ళు తెల్లకాగితం మడతలో బోర్లా పరిచాడు. నన్ను వంగి చూడమన్నాడు. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. ఒకదాన్ని వేలితో పక్కకు జరిపి, "ఇది జర పసుపు కొడతది. పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తది. ఒంటరిగా చూస్తే ఏ రాయైనా అందంగనే ఉంటది," అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. రాసుకున్నాను. పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత రాయిని తిరగేసి దీపం కింద ఆడించాడు. బరువు చూసి మోసపోవద్దన్నాడు. కోత సరిగా లేకపోతే వెలుగు అడుగు నుంచి జారిపోతుందట, పెద్ద రాయి కూడా చేపకన్నులా నిర్జీవంగా ఉంటుందట. ముక్కుకు పెట్టే చిన్న రాయికి రంగు ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదు గానీ కోత మాత్రం తగ్గకూడదు. సర్టిఫికెట్‌లో ఉన్న నంబరు, రాయి నడుమున చెక్కిన నంబరు ఒకటేనా కాదా భూతద్దంలో చూసుకోవాలి. ఇవన్నీ నేను వరుసగా రాసుకుంటుంటే మా తమ్ముడు ఏలకుల చాయ్ తాగుతూ, "చూసినావా భాయ్, మా అన్న స్టేడియం బోల్టులు కూడా ఇట్లనే రాస్తాడు," అని నవ్వించాడు.

భూతద్దం కంటికి పెట్టుకుని ఒక రాయిలో మచ్చ చూడమన్నాడు ఆయన. చాలాసేపటికి కనిపించింది. తెల్లని చిన్న ఈకలాంటి గీత.

"లోపలి మచ్చకు భయపడొద్దు సార్. కంటికి కనపడకపోతే చాలు. గాని ఇది చూడుండ్రి, ఈ ఈక అంచు దాక వచ్చింది. ఇసొంటిది కొనొద్దు. జోరుగ దెబ్బ తగిల్తే అక్కన్నే చీలుతది."

నేను పెన్సిలు ఆపి నవ్వాను. "వజ్రం ఎక్కడైనా పగులుతుందా భాయ్? సమ్మెటతో కొట్టినా పగలదు కదా."

"అన్నా, ఆ పక్కది చూడు, అదేదో బాగుంది," అన్నాడు మా తమ్ముడు.

ఆయన మాత్రం ఆగలేదు. "అందరూ గట్లనే అనుకుంటరు. దాని మీద గీత పడదు, అది నిజం. గాని కొడితే పగుల్తది. కట్టె నిలువునా చీలినట్టు పొర వెంబడి చీలుతది. గాజు, పలుగురాయి పగిలితే గవ్వ లోపల లెక్క వంపు వస్తది. వజ్రం చీలితే అద్దం లెక్క సాపుగ ఉంటది. వెనకట మస్తు మంది సుత్తెతో పరీక్ష జేసి, మంచి మంచి రాళ్ళు పాడు జేసిన్రు."

నా చేతిలో భూతద్దం అలాగే ఉండిపోయింది.

మాది కర్నూలు వైపు ఊరు. తొలకరి వాన పడి పైమట్టి కొట్టుకుపోగానే మా పొలాల్లో అప్పుడప్పుడు వజ్రం తేలుతుంది. ఇది కట్టుకథ కాదు. ఈ రోజుకీ తొలకరి నెలలో ఎక్కడెక్కడి జనమో వచ్చి చెట్ల కింద గుడారాలు వేసుకుంటారు. నా చిన్నప్పుడు అంత జాతర లేదు. ఊరివాళ్ళమే వెతుక్కునేవాళ్ళం.

వాన వెలిసిన తెల్లవారి ఇల్లంతా పొలానికి కదిలేది. అవ్వ జొన్నరొట్టెలు, ఎర్రకారం, వేరుశనగ బుడ్డలు నూరిన ఊరిబిండి గుడ్డలో మూట కట్టేది. తడిసిన ఎర్రమట్టి వాసన, మూటలోంచి వచ్చే వెల్లుల్లి వాసన కలిస్తే నాకు ఇప్పటికీ నోరూరుతుంది. సూర్యుడికి ఎదురుగా, నడుం వంచి, ఒక్కొక్క అడుగే నడవాలి. రాయి ఎండకు మెరుస్తుంది. ఇంకో నియమం ఉండేది. దొరికిందని అరవకూడదు. పక్క చేను వాళ్ళ కళ్ళు పడతాయి. పెద్దవాళ్ళైతే భుజం మీది తువ్వాలు జారవిడిచి, దాన్ని ఎత్తుకుంటున్నట్టు రాయిని ఎత్తుకునేవారు. తువ్వాలు లేని పిల్లలం కాల్లో ముల్లు గుచ్చుకున్నట్టు కూర్చుండిపోవాలి.

"వజ్రం అనే మాట చేన్లో అనగాకండి. గింజ అనండి," అనేవాడు తాత. "పేరు పెట్టి పిలిస్తే లోపలికి పోతాది."

నేను ఆ పనిని పద్ధతిగా చేసేవాణ్ణి. ఏ రోజు ఎంత వాన, ఏ చేనులో ఎన్ని సాళ్ళు నడిచాను, ఎన్ని మెరుపురాళ్ళు ఏరాను, తాత ఎన్నిటిని పారేయమన్నాడు, అన్నీ నోటుపుస్తకంలో గీతలు కొట్టి రాసేవాణ్ణి. మూడు తొలకరులు అలా రాశాను. మా తమ్ముడు మాత్రం చేనుకు వచ్చేది రొట్టెల కోసం. తొండల వెంట పరుగెత్తేవాడు, అవ్వ మూట విప్పకముందే బెల్లంముక్క దొంగిలించేవాడు, తొక్కిన చోటే మళ్ళీ తొక్కేవాడు.

మూడో ఏడు, రెండో వాన తర్వాత, వాడు గబుక్కున కూర్చుండిపోయాడు.

తాత చూశాడు, అవ్వ చూసింది. అందరూ పరుగెత్తకుండా, ఏమీ ఎరగనట్టు వాడి చుట్టూ చేరారు.

"ఏందిరా, గింజనా?" అన్నాడు తాత గొంతు తగ్గించి.

"కాదు తాతా, ముల్లు. నిజం ముల్లే," అని ఏడుపు మొహం పెట్టాడు వాడు. తాత వాడి కాలు ఎత్తి ముల్లు లాగాడు. కాలు కింద పెట్టబోతూ ఆగిపోయాడు. మడమ దిగిన గుంటలో, బురదలో, కందిగింజంత రాయి. తెల్లగా లేదు. ఆముదం రాసినట్టు జిడ్డుగా మెరుస్తోంది.

మూడేళ్ళు సాళ్ళు లెక్కబెట్టుకుంటూ నడిచినవాణ్ణి నేను. ముల్లు తొక్కినవాడికి దొరికింది.

ఆ సాయంత్రం తాత పరీక్షలు చేశాడు. రాయిని పెదవికి ఆనించాడు. చల్లగా ఉంది. నోటితో ఆవిరి ఊదాడు. మసక పట్టినట్టే పట్టి, రెప్పపాటులో పోయింది. నీళ్ళగిన్నెలో వేస్తే గాజుముక్కలా కలిసిపోకుండా అడుగున మెరుస్తూనే ఉంది. తాత తలపాగా తీసి పక్కన పెట్టాడు. సంతోషం పట్టలేనప్పుడు తాత చేసే పని అది. వచ్చే గురువారం గుత్తిలో సేటుకు చూపిద్దామన్నాడు.

ఆ నాలుగు రోజులూ ఇల్లు వాడిదే. అవ్వ వాడికి మీగడ వేసింది, నాకు మజ్జిగ పోసింది. తాత వాణ్ణి పక్కలో పడుకోబెట్టుకున్నాడు. దగ్గరి చుట్టాలు వచ్చి, "ఏదీ, ఆ పాదం చూపియ్యి," అని వాడి కాలు పట్టుకుని నవ్వేవారు. నేను నోటుపుస్తకం తెచ్చి, ఆ చేనులో నేను అంతకుముందే పదకొండు సాళ్ళు నడిచానని తాతకు చూపించాను. తాత నా తల నిమిరి, "శానా కష్టపడినావు రా అబ్బోడా," అన్నాడు. మీగడకు మండినదానికంటే ఆ జాలికి నాకు ఎక్కువ మండింది.

బుధవారం నాడు నేనే అన్నాను. ఎవరూ అడగలేదు.

"తాతా, నిజం వజ్రమైతే సమ్మెట దెబ్బకు పగలదంట కదా. కమ్మరి మామ దాగలి మీద పెట్టి చూద్దాం. రేపు సేటు ముందర నగుబాటు కాకుండా."

ఆ మాట నా సొంతం కాదు. ఊళ్ళో పెద్దలంతా అనేదే. నిజమైన వజ్రం దాగలి ఇనుపదిమ్మలోకి దిగబడుతుంది గానీ పగలదని అందరి నమ్మకం. తాత కూడా నమ్మాడు. అందుకే వెంటనే సరేనన్నాడు. ఆ మాటను సరిగ్గా ఆ రోజే ఎందుకు గుర్తు చేశానో మాత్రం నాకొక్కడికే తెలుసు. నోటుపుస్తకంలో ఆ రోజు తారీఖు కింద రెండే మాటలు రాశాను: "రేపు పగలాలి."

మర్నాడు పొద్దున్నే, గుత్తికి బయల్దేరే ముందు, కొలిమి దగ్గరికి పోయాం. బొగ్గు వాసన, తోలుతిత్తి ఊపిరి. కమ్మరి మామ రాయిని దాగలి మీద పెట్టి, అది ఎగిరిపోకుండా చుట్టూ తడిమట్టి అద్దాడు.

"నిజమైంది అయితే నా దాగలికి గుంట పడతాదిలేప్పా," అన్నాడు. "గుంట పడితే నువ్వే కొత్తది తెచ్చియ్యాల."

"తెచ్చిస్తాలే, కొట్టు," అని నవ్వాడు తాత.

మా తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. భయంతో పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు.

ఒకటే దెబ్బ. ఎండు చింతగింజ పగిలినంత చప్పుడు. మట్టిలో రెండు ముక్కలు, చుట్టూ కాస్త పొడి.

తాత ఒక ముక్క తీసుకుని ఎండకు పట్టాడు. పగిలిన వైపు నుంచి వెలుగు తిరిగి వచ్చి ఆయన చెంప మీద చిన్న బిళ్ళలా పడింది. అద్దం నుంచి పడినట్టే పడింది. చాలాసేపు చూశాడు. తర్వాత రెండు ముక్కలూ తువ్వాలు కొసన ముడి వేసుకున్నాడు.

"పలుగురాయి. పోదాం పాండి."

తమ్ముడు ఏడ్చాడు. ఆ రోజు అవ్వ ఇద్దరికీ మజ్జిగే పోసింది. నాకు కడుపు నిండింది. అంతకంటే నిజం చెప్పలేను.

ఆ తర్వాత ఆ రాయి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాది దసరా లోపల మా ఇంటికి కొత్త కాడెద్దులు వచ్చాయి. తెల్లవి, నల్లకొమ్ములవి. సంతనుంచి తోలుకొస్తూ తాత పగ్గం వాడి చేతికే ఇచ్చాడు. పెద్దవాణ్ణి నేనుండగా వాడికెందుకిచ్చాడని పుస్తకంలో పేజీ నిండా రాశాను. ఆ పేజీ ఉంది. పెన్సిలు ఒత్తిడికి కాగితం చిరిగింది.

అంగడిలో భూతద్దం కింద పెట్టాను. ఆయన ఇంకో రాయి చూపిస్తున్నాడు. మా తమ్ముడు దాన్నే ఖాయం చేశాడు. ఈక అంచుకు దూరంగా, మధ్యలో ఉన్నది. నంబరు సరిచూశాను. కొసలు కప్పి పట్టుకునేలా బిగించమని చెప్పాను. ఏం మాట్లాడానో నాకే తెలియదు గానీ రాత మాత్రం డైరీలో తిన్నగానే ఉంది.

నజ్మాకు తిరిగి వచ్చి, సగం కూల్చిన ఒక మేడ ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. ఆ మేడలో ఒకప్పుడు మేం అన్నం తినే మెస్సు ఉండేది. మూడో అంతస్తు గోడకు ఎవరిదో క్యాలెండరు ఇంకా వేలాడుతోంది. కాగితపు కప్పులో కరక్ చాయ్ చల్లారిపోతున్నా నేను తాగలేదు.

"తమ్మీ, అది వజ్రమేరా," అన్నాను.

"ఏది?"

"నీ కాలికింద దొరికింది. ముక్క సాపుగా చీలింది. తాత చెంప మీద వెలుగు పడింది. నేను చూశాను. పలుగురాయైతే అట్ల పడదు. ఆయన చెప్పింది విన్నావు కదా. నేనే కొట్టించాను."

వాడు కప్పు అంచు పళ్ళతో నొక్కుతూ కూల్చిన మేడ వైపు చూశాడు. "నువ్వు సమ్మెట మాట ఎత్తంగానే ఆయన ఏం చెప్తాడో తెల్సు. అందుకే ఆ పక్కది చూడమన్నాను. ఆ భాయ్ నోరు మూస్తే గదా."

"నీకు తెలుసా?"

"ఆ రోజే తెల్సు అన్నా. తాత నన్ను దొడ్లోకి తీస్కపోయి చెప్పినాడు. ముక్కలు చేతిలో పెట్టి, ఇది నీదే, నీకు చెప్పకుండా అమ్మకూడదు అన్నాడు. మళ్ళా గుత్తికి పోయి అమ్మినాడు. ముక్కలకేం వస్తాది? ఎద్దులొచ్చినాయి గదా ఆ ఏడు, అవే."

పగ్గం వాడి చేతికి ఎందుకిచ్చాడో నాకు యాభై ఏళ్ళు వచ్చాక అర్థమైంది.

"మరి పలుగురాయని ఎందుకన్నాడు?"

"నీ కోసమే." వాడు కొంచెం సిగ్గుపడ్డాడు. "అన్నకు చెప్పొద్దని దీపం మీద ఒట్టు పెట్టించినాడు. 'వాడు రాసుకునే పిల్లోడు. రాసుకున్నోడు మర్చిపోలేడు. నువ్వైతే నాల్రోజులకు మర్చిపోతావు,' అన్నాడు."

"నేను పగలాలని కోరుకున్నాను. అది కూడా తెలుసా?"

"నీ చెయ్యి పట్టుకున్నాను గదన్నా. నాది వణుకుతాంది, నీది వణకలేదు." చాయ్ తాగేసి కప్పు నలిపాడు. "యల్లా, పోవాల. క్యాంపు బస్సు పోతాది. దీన్ని రాసుకోవద్దు, ఇంక పోనీ."

ముక్కుపుడక డబ్బా చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వాడు బస్సు ఎక్కాడు. నేను నిలబడి చూశాను. వాడి మీద నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. వాడి కాలికింద రాయి దొరికినందుకు ఏడ్చాను, మీగడకు ఏడ్చాను, పగ్గానికి ఏడ్చాను. ఇంతకాలం నా తప్పును మోస్తూ, నన్ను అన్నా అని పిలుస్తూ, ఒక్క మాటా జారకుండా ఉండగలిగినందుకు ఆ రోజు ఏడ్చాను. ఆ తప్పు మోసే పనైనా నాకు మిగిలి ఉండాల్సింది. అదీ వాడికే దక్కింది.

ఆ రాత్రి, అంగడి వివరాల కింద డైరీలో ఇంతే రాశాను: "తమ్ముడు ముక్కుపుడక కొన్నాడు. కోత బాగుంది." వాడు వద్దన్నాడు కాబట్టి మిగతాది రాయలేదు. తాత, అవ్వ పోయారు. కమ్మరి కొలిమి, నజ్మాలో ఆ మేడ, మేం పడుకున్న మంచాలు, ఏవీ ఇప్పుడు లేవు. మా చేనులో మాత్రం వాన పడ్డప్పుడల్లా జనం ఇంకా వంగి నడుస్తూనే ఉన్నారు.

పెళ్ళిలో భోజనాలయ్యాక వాడి పక్కన కూర్చున్నాను. తాంబూలం నములుతున్నాడు. "తమ్మీ, ఆ రాయి గుర్తుందా?" అని అడిగాను.

"ఏ రాయన్నా?" అన్నాడు, నవ్వుతూ.

నిజంగానే మర్చిపోయాడో, ఇంకోసారి నా కోసం దాచాడో కనుక్కోలేకపోయాను. వాడి మొహం చాలాసేపు పరీక్షగా చూశాను. మచ్చ కనిపించలేదు. ఇంటికొచ్చి, వద్దన్న పని చేశాను. ఇదంతా రాసుకున్నాను.